మార్కెట్ కొత్తగా కట్టేటప్పుడు ఫుట్‌పాత్ మీద కూర్చునేవాళ్ల మాట ఎవరు వినిపించాలి?

పాలమూరు వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక మున్సిపల్ పట్టణంలో, పాత కూరగాయల మార్కెట్‌ను ఆనుకుని ఉన్న వార్డులో ఉంటాను. వార్డు కమిటీలో సభ్యుడిని. పాత మార్కెట్‌ను పూర్తిగా తీసివేసి అదే స్థలంలో కూరగాయలు, పండ్లు, చేపలు, మాంసం అన్నీ ఒకే చోట దొరికే సమీకృత మార్కెట్ కట్టాలనీ, దాని ముందున్న రోడ్డును వెడల్పు చేయాలనీ, వెనక పారే నాలాకు గోడ కట్టి పక్కన నడకదారి వేయాలనీ ప్రతిపాదన వచ్చింది. ఆ పని జరగాలన్న విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. వానాకాలంలో నాలా పొంగితే మార్కెట్‌లో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. మాంసం కొట్ల వ్యర్థాలు పోయడానికి సరైన చోటు లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని అమ్ముకునే ఆడవాళ్లకు మూత్రశాల లేదు.

నన్ను కలవరపెడుతున్న సంగతి వేరే ఉంది. ఈ ప్రతిపాదన మీద అభిప్రాయాలు తెలుసుకోవడానికి జరిగిన మొదటి సమావేశానికి ముల్గీల (దుకాణపు గదుల) యజమానుల సంఘం వచ్చింది, రెండు కాలనీల సంక్షేమ సంఘాలు వచ్చాయి, గుడి కమిటీ, మసీదు కమిటీ పెద్దలు వచ్చారు. ఆ మార్కెట్‌ను రోజూ నడిపిస్తున్నవాళ్లు మాత్రం ఆ గదిలో లేరు. చుట్టుపక్కల తండాల నుంచి మొదటి బస్సుకు దిగి ఫుట్‌పాత్ మీద ఆకుకూరలూ, కాలం వచ్చినప్పుడు సీతాఫలాలూ అమ్ముకునే లంబాడా మహిళలు లేరు. నాలా గట్టున ఉంటూ బుట్టలూ చాటలూ అల్లే ఎరుకల కుటుంబాలు లేవు. తోపుడు బండ్ల మీద పండ్లు అమ్మేవాళ్లు, తాళాలూ గొడుగులూ బాగుచేసేవాళ్లు, మాంసం కొట్లలో కిరాయికి పనిచేసే ముస్లిం కుటుంబాలవాళ్లు లేరు.

మరుసటి రోజు ఫుట్‌పాత్ మీద కూర్చునే ఒక పెద్దామెను ఈ సంగతి తెలుసా అని అడిగాను. తెలియదంది. తన చోటు పోతుందా అని అడిగి, నేను జవాబు చెప్పేలోగానే గంప కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో రబ్బరు బ్యాండు వేసిన తైబజార్ (మార్కెట్‌లో కూర్చుని అమ్ముకునేందుకు కట్టే రుసుము) రసీదుల కట్ట ఉంది. అడుగున ఉన్నవాటి మీద సిరా వెలిసిపోయి అంకెలు కనబడడం లేదు. తాను ఇన్నేళ్లుగా ఇక్కడ కూర్చుంటున్నట్టు చెప్పడానికి ఆమె దగ్గర ఉన్న ఆధారం అదొక్కటే, దాన్ని ఎవరికి చూపించాలో కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అందుకే అడుగుతున్నాను. ఏ పదవీ లేని, కేవలం వార్డు కమిటీ సభ్యుడైన నాలాంటివాడు ఈ వర్గాలవారిని ప్రణాళిక తయారయ్యే దశలోనే లోపలికి తీసుకురావడానికి ఏమి చేయవచ్చు? వాళ్ల తరఫున నేనే మాట్లాడడం నాకు సమ్మతం కాదు. వాళ్లే వచ్చి మాట్లాడాలి, వాళ్లు మాట్లాడింది కాగితం మీదకు ఎక్కాలి. చట్టం తెలిసినవారు, ఇతర పట్టణాల అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయండి.

విశ్రాంత పట్టణ ప్రణాళిక ఉద్యోగి

మీరు చెప్పిన పెద్దామె దగ్గరున్న రసీదుల కట్ట విలువైనది. దాన్ని ముందుగా ఫోటోలు తీయించి భద్రం చేయండి. సిరా పూర్తిగా వెలిసిపోకముందే ఆ పని జరగాలి.

వీధి వ్యాపారుల విషయంలో మన దగ్గర గట్టి చట్టమే ఉంది. 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టం ప్రకారం, ప్రతి ఐదేళ్లకు ఒకసారైనా పట్టణంలోని వీధి వ్యాపారులందరినీ సర్వే చేయాలి. ఆ సర్వే ముగిసి అందరికీ విక్రయ ధ్రువపత్రాలు ఇచ్చే వరకు ఎవరినీ ఉన్న చోటు నుంచి తొలగించరాదు. తరలించవలసి వచ్చినా ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇవన్నీ చూసుకోవలసిన టౌన్ వెండింగ్ కమిటీకి మున్సిపల్ కమిషనర్ అధ్యక్షుడుగా ఉంటారు, కానీ సభ్యుల్లో కనీసం 40 శాతం మంది వ్యాపారులు తమలో తాము ఎన్నుకున్న ప్రతినిధులై ఉండాలి. ఆ ప్రతినిధుల్లో మూడో వంతు మహిళలు ఉండాలి; ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలకూ దివ్యాంగులకూ తగిన ప్రాతినిధ్యం ఉండాలని చట్టంలోనే రాసి ఉంది. మీరు అడుగుతున్న ప్రాతినిధ్యం ఎవరి దయ మీదా ఆధారపడినది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. మీ పట్టణంలో ఆ కమిటీ ఉందా, ఉంటే చివరిసారి ఎప్పుడు కూర్చుంది, తీర్మానాల పుస్తకంలో ఏముంది అన్న మూడు విషయాలు సమాచార హక్కు దరఖాస్తుతో అడగండి. కమిటీ కాగితం మీదనే ఉందని తేలితే, దాన్ని ఏర్పాటు చేయకుండా మార్కెట్ తరలింపు ఎట్లా చేస్తారన్న ప్రశ్న తనంతట తానే ముందుకు వస్తుంది.

అదే చట్టం అనుబంధాల్లో చాలామంది చదవని రెండు నిబంధనలు ఉన్నాయి. సర్వేలో సహజ మార్కెట్‌గా, అంటే అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఏళ్ల తరబడి వాళ్లంతట వాళ్లే చేరుతున్న చోటుగా, గుర్తించిన స్థలాన్ని వ్యాపారం నిషేధించిన ప్రాంతంగా ప్రకటించకూడదు. యాభై ఏళ్లకు పైబడి వీధి వ్యాపారం జరుగుతున్న సహజ మార్కెట్‌ను వారసత్వ మార్కెట్‌గా ప్రకటించాలి, అక్కడి వ్యాపారులను తరలించరాదు. మీ పాత మార్కెట్ వయసెంతో నాకు తెలియదు గానీ, పట్టణంలోని పాత తైబజార్ వేలం రికార్డులు వెతికితే ఆ సంగతి తేలుతుంది. తరలింపు తప్పనిసరి అయిన చోట కూడా ఆ పథకం తయారీలోనూ అమలులోనూ బాధిత వ్యాపారులకు భాగం ఉండాలని, వారి సంపాదన మునుపటి స్థాయి కంటే తగ్గకూడదని రాసి ఉంది.

రోడ్డు వెడల్పు సంగతి వేరు. 2013 భూసేకరణ చట్టం కింద స్థలం తీసుకుంటే, ముల్గి యజమానితో పాటు అక్కడ మూడేళ్లుగా జీవనోపాధి పొందుతున్న కిరాయిదారు కుటుంబం కూడా బాధిత కుటుంబమే అవుతుంది. అయితే యజమానితో నేరుగా ఒప్పందం చేసుకుని స్థలం తీసుకునే పద్ధతి కూడా నడుస్తున్నది. అప్పుడు పరిహారం యజమానికి వెళుతుంది, కిరాయిదారు గురించి ఎవరూ మాట్లాడరు. కాబట్టి ఏ పద్ధతిలో స్థలం తీసుకోబోతున్నారో మొదటి సమావేశంలోనే రాతపూర్వకంగా అడిగి ఉంచండి.

నాలా గట్టు మీది ఎరుకల కుటుంబాల పరిస్థితి అన్నిటికంటే కష్టమైనది. 2014 డిసెంబరులో వచ్చిన 58వ నంబరు జీవో ద్వారా పేదలు ఉంటున్న 125 గజాల వరకు ప్రభుత్వ స్థలాన్ని ఉచితంగా క్రమబద్ధీకరించారు గానీ, అది అభ్యంతరం లేని స్థలాలకే పరిమితం. నాలాలూ చెరువు శిఖాలూ (చెరువు నీళ్లు నిలిచే భూములు) అందులోకి రావు. వాళ్లకు పట్టా ఇప్పిస్తామని మాట ఇచ్చి ఆశ పెట్టకండి. దగ్గరలో ప్రత్యామ్నాయ స్థలం, అదీ గోడ కట్టే పని మొదలుకాకముందే, అన్న డిమాండు మీద నిలబడండి.

ముల్గి యజమాని, నల్లగొండ

ప్రశ్న అడిగినవారి ఉద్దేశం మంచిదే. అయినా ఇంకో వైపు కూడా చెప్పాలి. నేను ముప్పై ఏళ్లుగా వ్యాపారం చేస్తున్నవాడిని, ఆస్తి పన్ను కడుతున్నాను, ట్రేడ్ లైసెన్సు రుసుము కడుతున్నాను. మా బజారులో ఫుట్‌పాత్ అంతా గంపలు ఉంటే నడిచేవాళ్లు రోడ్డు మీదకు దిగుతారు, రోడ్డు మీద బండ్లు నిలబడితే అంబులెన్సు కూడా కదలదు. అందరినీ పిలిచి అందరి మాటా వినాలంటే అనుమతులు వచ్చేలోగా నిధులు వెనక్కి పోతాయి. అట్లా వెనక్కి పోయిన పనులు నాకు తెలుసు. ఆ తర్వాత నష్టపోయేది అందరూ, అందులో ఆ ఫుట్‌పాత్ వాళ్లూ ఉంటారు.

మరో మాట. కులం వారీగా, మతం వారీగా వేర్వేరు సమావేశాలు పెడితే పట్టణంలో లేని గీతలు కొత్తగా గీసినట్టవుతుంది. మా దగ్గర లతీఫ్ సాహెబ్ గుట్ట మీద ఉర్సుకు అన్ని కులాలవాళ్లూ ఎక్కుతారు, పీర్ల పండుగకు పీరును ఎత్తుకునేవాళ్లలో హిందువులు ఉంటారు. అందుకని పిలిచేటప్పుడు వృత్తిని బట్టి పిలవండి. పండ్లవాళ్లు, కూరగాయలవాళ్లు, మాంసంవాళ్లు, మరమ్మతులవాళ్లు అని నాలుగు గుంపులు చేసి ఒక్కో గుంపు నుంచి ఇద్దరిని తీసుకుంటే పని త్వరగా అవుతుంది, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

దేవరకొండ ఆడబిడ్డ

ముల్గి యజమాని గారు త్వరగా పని కావాలని అనడంలో న్యాయం ఉంది. నడిచే దారి అందరిదీ అన్నది కూడా నిజమే. కానీ వృత్తిని బట్టి ఇద్దరిని తీసుకుంటే సరిపోతుందన్న మాటతో నేను ఏకీభవించలేను. నేను దేవరకొండ వైపు తండాలో పుట్టి పెరిగి ఇప్పుడు నల్లగొండలో ఉద్యోగం చేస్తున్నాను. మా అమ్మ కూరగాయలు అమ్మింది, కాబట్టి ఇది నాకు దూరపు విషయం కాదు.

కూరగాయలవాళ్ల గుంపు నుంచి ఇద్దరిని పంపమంటే ఎవరు వస్తారో చెబుతాను. హోల్‌సేల్‌గా సరుకు దించే కమీషన్ ఏజెంటు వస్తాడు, ఆయనతో చనువున్న ఇంకొకరు వస్తారు. పది కట్టల తోటకూర, ఒక గంప వంకాయలు తెచ్చుకునే మనిషి ఆ ఏజెంటు దగ్గర అప్పు తెచ్చుకుని ఉంటుంది, ఆయన ముందు నోరు విప్పదు. అట్లాగని తండా నుంచి ప్రతినిధిని పంపమంటే తండా పెద్దలైన నాయక్‌నో, కార్‌భారినో పంపుతారు. వాళ్లు మాకు గౌరవనీయులు, తగాదాలు తీర్చడంలో వాళ్ల మాట నడుస్తుంది. అయితే మార్కెట్‌లో ఏ మూల ఎండ పడుతుందో, ఏ మూల కూర్చుంటే గిరాకీ వస్తుందో, సాయంత్రం మిగిలిన సరుకు ఎక్కడ దాచుకోవాలో వాళ్లకు తెలియదు, అది అక్కడ కూర్చునే ఆడవాళ్లకే తెలుసు. రెండు దారుల్లోనూ వదిలిపోయేది ఆ ఆడవాళ్లే. అందుకని కనీసం మొదటి విడత మాటామంతీ వాళ్లతో విడిగా, వాళ్లు కూర్చునే చోటికే వెళ్లి, మన లంబాడాల గోర్ భాషలో మాట్లాడే మనిషిని వెంటబెట్టుకుని జరపాలి. ధైర్యం వచ్చాక అందరితో కలిసి కూర్చుంటారు. మొదటే కలిపి కూర్చోబెడితే వెనక వరసలో తల వంచుకుని కూర్చుని లేచి వస్తారు, తర్వాత అందరూ వచ్చారని రికార్డులో రాస్తారు.

సమావేశం ఎన్ని గంటలకు పెడుతున్నారో కూడా చూడండి. పొద్దున పదకొండుకు పెడితే అది గిరాకీ వేళ, సాయంత్రం ఆరుకు పెడితే తండాకు చివరి బస్సు పోతుంది. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా మార్కెట్ పలుచగా ఉంటుంది, అప్పుడు పెట్టండి.

సర్వే గురించి పెద్దలు చెప్పినదానికి ఇంకొకటి కలుపుతాను. సర్వే ఏ నెలలో చేస్తారన్న దాన్నిబట్టి ఎవరి పేరు ఉంటుంది, ఎవరి పేరు ఉండదు అన్నది తేలిపోతుంది. పాలమూరు సీతాఫలం పేరున్న పండు, బాలానగర్ రకం అని దేశమంతా అంటారు. ఆ పండు అమ్మే మహిళలు వానలు వెనకబట్టిన తర్వాత కొన్ని వారాలే పట్టణంలో కనబడతారు, మిగతా కాలం కూలికి పోతారు. మార్చిలో సర్వే చేస్తే వాళ్లు వీధి వ్యాపారులే కారు. వలస కుటుంబాల సంగతీ అంతే. బొంబాయికో పుణెకో పనికి పోయి ఉగాదికి వచ్చే కుటుంబం ఇంటికి సంక్రాంతి తర్వాత వెళ్తే తాళం కనబడుతుంది, ఇల్లు ఖాళీ అని రాసుకుని పోతారు. అందుకని సర్వే కనీసం రెండు కాలాల్లో జరగాలని, తాళం వేసి ఉన్న ఇంటికి మరోసారి రావాలని, జాబితాను మార్కెట్ గోడ మీద అతికించి అభ్యంతరాలకు గడువు ఇవ్వాలని కమిటీ చేత ముందే తీర్మానం చేయించండి. చదువు రానివాళ్లకు ఆ జాబితాను ఎవరైనా పైకి చదివి వినిపించాలి.

పట్టణాలు పెరిగి తండాలు మున్సిపాలిటీలో కలిసిపోతున్న చోట ఇంకో నష్టం ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు సొంత గ్రామ పంచాయతీలు అయ్యాయి, సర్పంచి మా మనిషే అయ్యాడు. మున్సిపాలిటీలో కలిసిన తండాకు ఆ పంచాయతీ పోతుంది, ఉపాధి హామీ పని పోతుంది, ఒక పెద్ద వార్డులో చిన్న మూలగా మిగులుతుంది. మీ పట్టణ శివారులో అట్లాంటి తండా ఉంటే దాని పేరు కూడా ఈ చర్చలోకి తీసుకురండి.

మరమ్మతుల దుకాణం, మహబూబ్‌నగర్

అక్క చెప్పినట్టే మా వైపు కూడా ఉంటుంది. ముస్లింలు అనగానే మసీదు కమిటీ సదర్ సాబ్‌ను (అధ్యక్షుడిని) పిలిస్తే పని అయిపోయిందని అనుకుంటారు. ఆయన మంచి మనిషే, కానీ మాంసం కోసే ఖురేషీల కష్టం ఆయనకు లేదు, దూదేకులవాళ్ల కష్టం లేదు, నాలాగా ముల్గిలో మూడో కిరాయిదారుగా ఉండి గోడకు ఒక బల్ల వేసుకుని ఫోన్లు బాగుచేసుకునేవాడి కష్టం అసలే లేదు. నా పేరు మీద ఒప్పంద పత్రం లేదు, కరెంటు బిల్లు లేదు. యజమాని ఇంకొకరికి ఇచ్చాడు, ఆయన నాకు ఇచ్చాడు. రేపు రోడ్డు వెడల్పులో ఆ ముల్గి పోతే నేను అక్కడ ఉన్నానని చెప్పేవాళ్లు నా గిరాకీదార్లు తప్ప ఎవరూ లేరు. సర్వేలో దుకాణాలను లెక్కపెట్టి ఊరుకుంటే నాలాంటివాళ్లు కనబడరు. ఒక్కో దుకాణంలో ఎంతమంది విడివిడిగా పని చేసుకుంటున్నారో అడగాలి.

మాంసం కొట్ల గురించి ఒక్క మాట. కొత్త భవనంలో మాంసానికి లోపలి గదులు ఇస్తారు, గాలి ఆడదు, రక్తం పోయే కాలువ వాలు సరిగ్గా ఉండదు, ఆరు నెలల్లో వాసన వస్తుంది, తర్వాత కూరగాయలు కొనడానికి వచ్చినవాళ్లు ఫిర్యాదు చేస్తే మాంసంవాళ్లను బయటికి పంపుతారు. దుకాణం గచ్చు ఎంత వాలు ఉండాలి, నీళ్ల ట్యాంకు ఎక్కడ ఉండాలి అన్నది నక్ష గీసే ఇంజనీరు గారు ఒకసారి ఖురేషీ మేస్త్రీతో అరగంట కూర్చుంటే తెలిసిపోతుంది. మా వాళ్లకు కావలసింది ఆ అరగంటే. నోటీసులు ఉర్దూలో కూడా ఇవ్వమని అడగండి. 2017 నుంచి రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష, కాబట్టి అడగడంలో ఇబ్బంది ఏమీ లేదు.

లండన్‌లో నల్లగొండ వాడు

ఇక్కడ ఉత్తర లండన్‌లో జరిగిన ఒక కథ మీ ప్రశ్నకు చాలా దగ్గరగా ఉంది. టాటెన్‌హామ్ ప్రాంతంలో సెవెన్ సిస్టర్స్ స్టేషన్ దగ్గర వార్డ్స్ కార్నర్ అనే పాత భవనం ఉంది. అందులోని మార్కెట్‌లో ఎక్కువ భాగం కొలంబియా, ఇతర లాటిన్ అమెరికా దేశాల నుంచి వచ్చిన కుటుంబాల చిన్న దుకాణాలు. ఆ భవనాన్ని తీసివేసి ఫ్లాట్లూ పెద్ద దుకాణాలూ కట్టడానికి ఒక సంస్థ ముందుకు వచ్చింది, 2008లో స్థానిక హారింగే కౌన్సిల్ అనుమతి ఇచ్చింది. వ్యాపారులూ చుట్టుపక్కలవాళ్లూ కోర్టుకు వెళ్లారు. 2010లో అప్పీలు కోర్టు ఆ అనుమతిని రద్దు చేసింది. ఈ నిర్మాణం వల్ల మైనారిటీ జాతులవారి అవకాశాల మీద ఏ ప్రభావం పడుతుందో పరిశీలించవలసిన చట్టబద్ధమైన బాధ్యత కౌన్సిల్‌కు ఉందని, అనుమతి ఇచ్చేటప్పుడు ఆ పరిశీలన జరగలేదని కోర్టు తేల్చింది. ఆ బాధ్యత 2000లో జాతి సంబంధాల చట్టానికి చేసిన సవరణ ద్వారా వచ్చింది, ఇప్పుడు 2010 సమానత్వ చట్టంలో కొనసాగుతున్నది.

కథ అక్కడితో ముగియలేదు. కౌన్సిల్ 2012లో మళ్లీ అనుమతి ఇచ్చింది. ఈసారి స్థానికులు కాదనడంతో సరిపెట్టుకోలేదు. భవనాన్ని నిలబెట్టి బాగుచేసే సొంత ప్రణాళికను తయారుచేయించుకుని దానికి 2014లో అనుమతి తెచ్చుకున్నారు. 2021లో ఆ నిర్మాణ సంస్థ వెనక్కి తగ్గింది. అయితే అప్పటికి మార్కెట్ 2020 నుంచే మూతపడి ఉంది, వ్యాపారం చేసుకోలేక కుటుంబాలు నలిగిపోయాయి. గెలుపు అంత ఆలస్యంగా వస్తే దాని విలువ ఎంత తగ్గిపోతుందో చూడండి. నక్ష గీయకముందే కూర్చుని మాట్లాడుకుని ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదని నా నమ్మకం. అందుకే నిధులు వెనక్కి పోతాయన్న ముల్గి యజమాని గారి భయానికి నా జవాబు కూడా ఇదే: వినకుండా మొదలుపెట్టిన పనులే ఎక్కువ కాలం ఆగిపోతాయి.

ఇంగ్లండులో 1998లో మొదలైన ఒక ప్రభుత్వ కార్యక్రమం గురించి కూడా క్లుప్తంగా చెబుతాను. వెనుకబడిన 39 పేటలను ఎంచుకుని, ఒక్కో పేటకు పదేళ్ల కాలానికి సుమారు 5 కోట్ల పౌండ్లు కేటాయించి, ఆ డబ్బు ఖర్చు చేసే బోర్డుల్లో ఆ పేటవాసులను కూర్చోబెట్టారు. చాలా చోట్ల వాసులు ఎన్నికల ద్వారా బోర్డులోకి వచ్చారు. వర్గానికి పెద్ద అని ఎవరినో పిలిచి సంతకం పెట్టించుకోవడానికీ, ఓటు వేసి పంపిన మనిషికి డబ్బు మీద మాట చెల్లడానికీ చాలా తేడా ఉంటుంది. మన 2014 చట్టం కూడా వ్యాపారుల ప్రతినిధులను ఎన్నుకోవాలనే అంటున్నది కాబట్టి, నామినేషన్‌తో సరిపెట్టకుండా ఆ ఎన్నిక జరిపించడం మీద మీరు గట్టిగా నిలబడాలి.

పాలమూరు వాసి

అందరికీ కృతజ్ఞతలు. చదివిన వెంటనే కొన్ని పనులు మొదలుపెట్టాను. టౌన్ వెండింగ్ కమిటీ గురించి సమాచార హక్కు దరఖాస్తు రాశాను. స్థలాన్ని ఏ పద్ధతిలో తీసుకుంటారన్న ప్రశ్నను వార్డు కమిటీ లేఖలో చేర్చాను. రసీదుల ఫోటోలు తీయడానికి మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాల్లో పనిచేసే ఒక ఆర్పీ (రిసోర్స్ పర్సన్) ఒప్పుకున్నారు. ఆమెకు ఆ ఆడవాళ్లంతా ముఖపరిచయమే కాబట్టి నాకంటే ఆమె వెళ్లడమే మేలు.

విడిగా కూర్చోవాలా, కలిసి కూర్చోవాలా అన్న చర్చ మీద చాలా ఆలోచించాను. నల్లగొండ పెద్దాయన భయాన్ని నేను కొట్టిపారేయను, మా పట్టణంలో కూడా మతం పేరుతో సమావేశం పెడితే మరునాడు దానికి ఎట్లాంటి రంగు పూస్తారో నాకు తెలుసు. అయినా దేవరకొండ ఆడబిడ్డ గారు చెప్పిన మాట నాకు బలంగా అనిపించింది. కులం పేరుతోనో మతం పేరుతోనో కాకుండా కూర్చునే చోటును బట్టి పిలవాలని అనుకుంటున్నాను. ఫుట్‌పాత్ మీది వరస ఒకటి, నాలా గట్టు ఒకటి, మాంసం కొట్ల సందు ఒకటి, ముల్గీల లోపలి కిరాయిదారులు ఒకటి. ఎక్కడి మనుషులతో అక్కడే, మధ్యాహ్నం రెండు గంటలకు. ఒక్కో చోట నుంచి ఇద్దరిని వాళ్లే చేతులెత్తి ఎన్నుకోవాలి, ఆ ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా మహిళ కావాలి. తర్వాత ఆ ఎనిమిది మందీ యజమానుల సంఘంతో, ఇంజనీరు గారితో ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. అప్పటికి నక్ష పెన్సిలుతోనే ఉండాలని లేఖలో స్పష్టంగా రాశాము.

ఎరుకల కుటుంబాల విషయంలో మాత్రం నాకు ఇంకా దారి కనబడడం లేదు. వాళ్లలో కొందరు పందులు పెంచుతారు. ప్రత్యామ్నాయ స్థలం దగ్గరలో కావాలంటే చుట్టుపక్కల కాలనీలవాళ్లు ఒప్పుకోరు, ఊరి బయట ఇస్తే బుట్టలు అమ్ముకోవడానికి మార్కెట్ దూరమవుతుంది, పిల్లల బడి దూరమవుతుంది. పందుల కోసం ఊరి బయట ఉమ్మడి షెడ్డు, ఇళ్లు మాత్రం దగ్గరలో అన్న ఆలోచనను వాళ్ల పెద్దమనిషి ఒకాయన చెప్పారు. ఏ మున్సిపాలిటీలోనైనా అట్లా చేసి, అది నిలబడిన ఉదాహరణ తెలిసినవారు ఉంటే ఆ స్థలం ఎవరి పేరు మీద ఇచ్చారో, షెడ్డు నిర్వహణ ఖర్చు ఎవరు భరిస్తున్నారో రాయండి. వచ్చే సమావేశంలోగా ఆ వివరాలు దొరికితే వాళ్ల డిమాండును కాగితం మీద పెట్టగలుగుతాము.